కిటికీలో పాలడబ్బా

నేను చాలా బరువులు మోశాను. నీళ్ళ బిందెలు, బొగ్గుల బస్తాలు, చంటిపిల్లలు. అవన్నీ ఎక్కడో ఒకచోట దించాను. ఒక రేకు డబ్బాను మాత్రం ఇన్నేళ్ళయినా దించలేకపోయాను. ఇది చదివే మీరెవరో నాకు తెలీదు. తెలీదు గనకే చెప్పగలుగుతున్నాను. మూడో తరగతితో ఆగిన చదువు నాది. తప్పులుంటే సర్దుకోండి.

అప్పుడు హౌరా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా వరుసలో అందరూ బెంగాలీలే. నా పెద్దకొడుకు అప్పుడప్పుడే తప్పటడుగులు వేస్తున్నాడు. రాగుల్ని మేం చోళ్ళంటాం. ఊరి నుంచి మా అమ్మ పంపే చోడిపిండితో జావ కాచి వాడికి పోసేదాన్ని. ఒకరోజు ఎదురింటి గుమాస్తాగారి భార్య గిన్నెలోకి తొంగిచూసి, ఈ బురద పిల్లాడికా, పశువుకా అని నవ్వింది. ఆవిడ కిటికీలో పాలపొడి డబ్బా ఉండేది. హౌరా స్టేషన్లో పెద్ద బోర్డు మీది బొద్దుపాపే ఆ డబ్బా మీదా నవ్వుతుండేది. కింది ఇంగ్లీషు అక్షరాలు నాకు రావు. రానక్కర్లేదు కూడా. ఆ పాలు కొనేవాళ్ళు ఎలాంటివాళ్ళో, కొనలేనివాళ్ళు ఎలాంటివాళ్ళో ఆ బొమ్మే చెప్పేది.

నేను కొనే మనిషిని కాను. పాతసామాన్లవాడి దగ్గర ఖాళీ డబ్బా బేరమాడి తీసుకున్నాను. తోమి, ఆరబెట్టి, చోడిపిండి పోసి, బొమ్మ వీధివైపు తిప్పి కిటికీలో పెట్టాను. దీనివల్ల ఎవరికి నష్టం అనుకున్నాను.

తరువాత పక్కింట్లోకి సువార్త వచ్చింది. మాలాగే శ్రీకాకుళం వైపు పిల్ల. మా చర్చికే వచ్చేది. గోడ అవతల తెలుగు వినబడితే నాకు ప్రాణం లేచొచ్చేది. ఆమెకూ చంటిపాప ఉంది. ఒకనాడు మావాణ్ణి ఎత్తుకుని, “ఓలప్పా, ఈ గుంటడు ఇంత బరువున్నాడేటి? ఏటి పెడతన్నావు?” అంది.

నేను నోరు విప్పలేదు. గడ్డంతో కిటికీ వైపు చూపించాను.

అబద్ధమాడలేదు కదా అని ఎన్నాళ్ళు సర్దిచెప్పుకున్నానో. మాట లేకపోతే అబద్ధం కాదా?

సువార్త పాపకు రొమ్ము మాన్పించి డబ్బా పాలు మొదలుపెట్టింది. డబ్బా నెలాఖరుదాకా రావాలని పాలు రోజురోజుకీ పల్చన చేసేది. నేను చూశాను. ఊరుకున్నాను. వానల్లో ఒక మధ్యాహ్నం గిన్నె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

“అప్పా, రెండు సెంచాలు బదులెట్టు. మాది అయిపోనాది. గుంట ఏడుపు ఆపట్లేదు.”

“నా దగ్గరా నేదే.”

“నిన్ననే గదేటి, డబ్బా బరువుగా దింపుతుంటే సూసినాను?”

“ఉంటే మాత్రం? నా పిల్లడికి సాలొద్దేటి?”

ఆమె ఖాళీ గిన్నె కొంగు కింద పెట్టుకుంది.

“నిన్ను అందరూ పిసినిగొట్టంటే నానే కాదన్నానప్పా,” అని వెళ్ళిపోయింది.

మూత తీస్తే చోడిపిండి బయటపడుతుంది. దానికన్నా పిసినారి అనిపించుకోవడమే తేలికనిపించింది నాకు. ఇదే మావాడి తిండి, దోసెడు పట్టుకెళ్ళి పల్చగా కాచి పాపకు పొయ్యి అని ఎందుకనలేకపోయాను? ఎవరి ముందు పరువు? నాలాగే చోడి అంబలి తాగి పెరిగిన పిల్ల ముందా?

వానలు వెనకబట్టకముందే పాప పోయింది. కడుపు జబ్బన్నారు. కుళాయి నీళ్ళదా తప్పు, పల్చని పాలదా, నాదా, ఎవరూ తేల్చలేదు. సువార్తవాళ్ళు హౌరాలో రైలెక్కి ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ఆమె మా గుమ్మం వైపు చూడలేదు. గోడ అవతల తెలుగు ఆగిపోయింది. ఆ తరువాత ఎందరొచ్చినా నేనెవరితోనూ కలవలేదు.

ఇప్పుడు నా మనవలు, ప్రకటనలో బొమ్మ చూపించి నాన్నమ్మకు ఎవరూ ఏదీ అమ్మలేరని నవ్వుతారు. గట్టిమనిషినట. నేను వాళ్ళను కసురుతాను. చర్చిలో పాపాలు ఒప్పుకునే ప్రార్థన వచ్చినప్పుడు నా పెదవులు కదులుతాయి, మాట మాత్రం రాదు.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆ మధ్యాహ్నం గుమ్మంలో అనాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. కనీసం కాగితం మీదైనా అననివ్వండి.

సువార్తా, అందులో పాలు నేవే. సోడిపిండి.