గడప లోపలి బొట్టు

నా చిన్నప్పుడు, సీతారామపురం దగ్గర మా ఊళ్ళో, మా నాయన పాము కరిచి చనిపోయాడు. పొలానికి నీళ్ళు కట్టడానికి వెళ్ళిన మనిషిని మంచం మీద మోసుకొచ్చారు. అప్పటికే నాయనను కన్న మా అవ్వకు మతి నిలవడం లేదు. ఎసరు పెట్టి మరిచిపోయేది, నన్ను తన చెల్లెలి పేరుతో పిలిచేది. ముసలితనంలే అనుకున్నాం. కొడుకు శవం మీద పడి ఏడ్చిన ఆ మనిషి, మర్నాటికి ఆ సంగతే మరిచిపోయింది.

అమ్మ గంజి గ్లాసుతో గదిలోకి వెళ్ళగానే అవ్వ చూపు ముందు ఆమె నుదుటి మీద పడేది. "బొట్టేదమ్మే? నా బిడ్డకేమైంది?" అని అడిగేది. చెప్పక తప్పేది కాదు. విన్న ప్రతిసారీ అవ్వకు అది మొదటిసారే. తల గోడకు కొట్టుకుంటూ సొమ్మసిల్లేదాకా ఏడ్చేది. తేరుకున్నాక మళ్ళీ అదే మాట అడిగేది. అలాంటి బాధ పగవాళ్ళకు కూడా వద్దు.

ఒకరోజు అమ్మ, తీసి దాచేసిన కుంకుమ భరిణె బయటపెట్టింది. అద్దం చూడకుండానే బొట్టు పెట్టుకుని గదిలోకి వెళ్ళింది. నేను బిక్కచచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. అవ్వ ఆ ముఖం చూసి, "వాడేడి?" అని నెమ్మదిగా అడిగింది.

"ఉదయగిరికి పోయినాడత్తా. బస్సు తప్పిపోయినట్టుండాది."

అవ్వ కొడుకును కాస్త విసుక్కుని గంజి తాగింది. అమ్మ గడప దాటి వస్తూనే కొంగుతో నుదురు తుడుచుకుంది. ఎంత గట్టిగా తుడుచుకుందంటే, అక్కడ చర్మం ఎర్రగా కందిపోయింది.

ఇక రోజూ అంతే. ఊరు ఊరుకుంటుందా? పక్కింటి పెద్దమ్మ మా వాకిట్లోకి వచ్చి మరీ అడిగింది. "మొగుడు పోయినదానికి బొట్టేంది? సిగ్గుండొద్దా?"

అమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపలేదు. "ఆయన కోసం ఏడ్చేదానికి నేనొకదాన్ని ఉండాను. చాల్లే," అంది.

కొడుకు వస్తాడని ఎదురుచూస్తూనే అవ్వ పోయింది. ఆ తర్వాత అమ్మ భరిణె ముట్టలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అమ్మ ఆత్మకూరులో నా దగ్గరే ఉంటోంది. ఆమెకూ ఇప్పుడు మతి నిలవడం లేదు. డాక్టరు ఆ జబ్బుకు ఇంగ్లీషులో ఏదో పేరు చెప్పాడు గానీ, నాకది పాత చుట్టమే. మొన్న పొద్దున అమ్మ అద్దంలో చూసుకుని వణికిపోయింది. "నా బొట్టేది? మీ నాయనకేమైంది?"

నా నుదుటి బొట్టుబిళ్ళ తీసి ఆమెకు అంటించాను. ఉదయగిరికి పోయినాడమ్మా, బస్సు తప్పిపోయినట్టుండాది అన్నాను.

"వస్తాడులే. అన్నం మూతపెట్టి ఉంచు," అని అమ్మ నిమ్మళంగా పడుకుంది.

అన్నం మీద మూత పెట్టి, వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా నాయన కోసం ఏడ్చేదానికి ఇప్పుడు నేనొకదాన్నే ఉన్నాను.