డాక్టరుగారు మనుషులతో మాట్లాడరు

మా డాక్టరుగారు మనుషులతో మాట్లాడరు. పశువుల డాక్టరు కనక చెల్లింది గానీ, మనుషుల డాక్టరయితే ఆస్పత్రి ఏనాడో మూతపడేది.

"ఏరా, నిన్న ఏం తిన్నావ్?" అని కుక్కనే అడుగుతారు.

"బిస్కట్లండీ" అంటాడు యజమాని.

"చూశావురా, మధ్యలో దూరుతున్నాడు. డబ్బాడు మేపింది ఆయన, వాంతులు నీకు!"

కాంపౌండరునైన నేను సెలవడిగినా బోనులో పిల్లికే జవాబు: "వెళ్ళి తగలడమను."

ఇంతలో పెంపుడు జంతువుల వైద్యం విలాసమని ప్రభుత్వంవారికి జ్ఞానోదయమైంది. అమ్మకం పన్ను వేస్తారట. నిజమే మరి, కడుపులో గడ్డ లేవడం కన్నా కుక్కకు వేరే భోగమేముంది? గజ్జి పట్టిన పిల్లి ఒళ్ళు గోక్కుంటుంటే ఆ వైభవం చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు!

జనాభిప్రాయం రాసుకోవడానికి ఓ అధికారి మా ఆస్పత్రికి వచ్చి కూర్చున్న పూటే, ఆఫీసులు ఊడ్చే అవ్వ తన ముసలి కుక్కను చంకనేసుకొచ్చింది.

"ఆపరేషనొద్దు బాబూ. ఉన్న ఖర్చే నావల్ల కాదు, దానిమీద పన్ను కూడానట. నొప్పి తెలీకుండా సూదేసి దీన్ని పైకి పంపించెయ్యి."

డాక్టరుగారు కుక్క చెవి దగ్గరకు వంగారు. "విన్నావుటే? నువ్వు విలాసానివట. పట్టుపరుపు మీద పడుకుంటున్నావా ఏం?"

కుక్క తోకాడించింది.

"మా దగ్గర కాపలా ఉద్యోగం ఖాళీ ఉంది, చేరతావా? సిబ్బంది వైద్యం మాదే. అవ్వ ఇంట్లోనే ఉండి చెయ్యొచ్చు."

"దొంగొస్తే మంచం కింద దూరుతుంది బాబూ!" అంది అవ్వ, కంగారుగా.

"దూరితే దూరవే. ఇక్కడ ఎత్తుకుపోవడానికేముంది, ఈ కాంపౌండరు తప్ప?"

అప్పటికే రెండు గుడ్డి పిల్లులు, ఓ కుంటి కుందేలు మా కాపలాదార్లు. ఎందుకో ఆ పూట నా మట్టిబుర్రకెక్కింది. ఆయన అవ్వతో మాట్లాడితే అవ్వ బతిమాలాలి, దండం పెట్టాలి, తల దించుకోవాలి. కుక్కకేం? తోకాడించి ఉద్యోగంలో చేరిపోతుంది.

కుక్కను బల్లమీదకు ఎక్కిస్తుంటే అధికారి గొంతు సవరించుకున్నారు. డాక్టరుగారు తలెత్తలేదు. గత్యంతరం లేక అధికారి కూడా కుక్క దగ్గరకే వంగారు.

"మా ఇంట్లో ఓ తాబేలుంది. ఇంకేమైనా ఖాళీలున్నాయేమో కాస్త అడుగుతావా?"

"సర్కారు జీతగాళ్ళ తాబేళ్ళకు లేవని చెప్పవే," అన్నారు డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ. "ముందు ఆ కాగితం మీద 'వైద్యం విలాసం కాదు' అని రాయమను."

అధికారి రాశారు. రాసి, సరిగ్గా ఉందో లేదోనని కుక్కకు చూపించారు.