వహీబా కప్పిన గోనెలు

ఈజిప్టులోని జిఫ్తా ఊళ్లో కుందేళ్ల వహీబా అంటే తెలియని గడప లేదు. మేడ మీద ఆమె పెంచినన్ని కుందేళ్లు ఆ వీధి మొత్తంలో ఎవరూ పెంచలేదు. పెళ్లివారికీ బాలింతలకీ ములూఖియా ఆకు పులుసులోకి వాటిని తన చేత్తోనే కోసిచ్చేది, కళ్లు కూడా చెమర్చేవి కావు. అలాంటి మనిషి ఫుల్లా అనే తెల్ల కుందేలు దగ్గరకొచ్చేసరికి వెన్నలా కరిగిపోయింది. తల్లి చస్తే దాన్ని పాలు పట్టి బతికించింది మరి. అది ఆమె అంగీ అంచు పట్టుకుని వంటింట్లో తిరిగేది. దాన్ని కోసే మాట ఎత్తితే ఎంతటివాళ్లనైనా మేడ దింపేసేది.

ఆ వేసవిలో మేడ మీద ఫుల్లాకి తొలిచూలు, కింద గదిలో కూతురు ఇన్సాఫ్‌కి మలిచూలు. ఇన్సాఫ్ తొలి బిడ్డ నిరుడు ఊపిరి లేకుండానే పుట్టింది. అందుకు వహీబా లెక్కలో కారణం ఒక్కటే, చెల్లెలు తఫీదా దిష్టి. కాన్పుకి కొద్దిరోజుల ముందు తఫీదా వచ్చి, ఇన్సాఫ్ కడుపు మీద చెయ్యేసి, కవలలున్నట్టున్నారే, ఎంత నిండుగా ఉందో అని మురిసిపోయింది. దిష్టి తగలకుండా అనాల్సిన మాషా అల్లాహ్ అనే మాట మరిచిపోయింది. అంతే. పక్కపక్క మేడలు, మధ్యలో నడుమెత్తు గోడ. అక్కాచెల్లెళ్లకి అప్పట్నుంచీ మాటల్లేవు.

ఈసారి వహీబా ఎవరి కంటా పడనివ్వదలుచుకోలేదు. కూతురి గది కిటికీలు బిగించింది, పరదాలు దింపింది, తలుపుకి నీలం పూస కట్టింది. ఆ ఉక్కలో ఇన్సాఫ్ ఊపిరాడటం లేదంటే, ఇంకాస్త ఓపిక పట్టమని కసిరేది. ఫుల్లాకీ అదే మర్యాద. గోడవతలి చూపు పడకుండా, అది ఈనడానికి పెట్టిన మట్టికుండ మీద గోనెలు, గోనెల మీద పాత కంబళి. పచ్చగడ్డి దొరకని కాలం కదా, చూలుతో ఉన్నది బలంగా తినాలని మొక్కజొన్నలూ ఎండురొట్టెలూ కుక్కేది. ఊరికే బయటికి తీసి, పిల్లలు కదులుతున్నాయా లేదా అని దాని కడుపు తడిమేది.

ఒక పొద్దున గోనె ఎత్తితే కుండలో మూడు పిల్లలు. బొద్దుగా, నున్నగా ఉన్నాయి, ఒక్కటీ కదలదు. ఫుల్లా వాటికోసం పిడికెడు బొచ్చయినా పీకి పరవలేదు. మూలకి నక్కి డొక్కలెగరేస్తోంది.  వహీబా ఆ పిల్లల్ని చూసి కాదు, కింద గదిలోని కడుపు గుర్తొచ్చి ఏడ్చింది. తర్వాత గోడవైపు తిరిగి నోటికొచ్చినట్టు తిట్టింది.

తఫీదా అవతల బట్టలారేస్తూ అంతా విన్నది. చివరి బట్టకూడా ఆరేసి గోడ దగ్గరకొచ్చింది.

"ఇన్ని గోనెలు కప్పావు కదక్కా, నాకెట్లా కనబడుద్ది నీ కుందేలు?"

తఫీదా కుండ వైపు చెయ్యి చూపించింది.

"ఈ ఎండకి కుండలో పెట్టి మూసేస్తే ఉడికిపోదా? ఒక పూట నువ్వు దూరి చూడు అందులో."

తఫీదా అంతటితో ఆపలేదు. తిండి కుక్కి దాన్ని కొవ్వబెట్టావనీ, కొవ్విన తల్లికి తొలికాన్పులో పిల్లలు లావై దారిలోనే పోతాయనీ, మాటిమాటికీ తడిమితే బెదిరి ఉంటుందనీ ఏకరువు పెట్టింది. అసలు ఏ తప్పూ చెయ్యకపోయినా తొలి ఈత పోతూనే ఉంటుంది, అమ్మ పెంచిన బూడిదరంగు దానికి పోలేదా అని అడిగింది. ఇవేవీ వహీబాకి తెలియనివి కావు. వీధిలో పదిమందికి తనే చెప్పిన సంగతులు. పొరుగింటి కుందేలైతే ఒక్క చూపులో తేల్చేసేది.

గొడవ విని ఇన్సాఫ్ మెట్లెక్కి వచ్చింది. ఒళ్లంతా చెమట. కుండలోకి చూసింది, గోడవతలి పిన్నిని చూసింది.

"వీటికెవరి దిష్టి తగిలిందమ్మా?" అంది. "పైకి నువ్వొక్కదానివేగా వచ్చేది."

వహీబా తలెత్తి కూతుర్ని చూసింది. ముఖం కమిలిపోయింది, పెదాలెండిపోయాయి. ఫుల్లా డొక్కల్లాగే కూతురి రొమ్ము ఎగసిపడుతోంది. వహీబాకి భయమేసింది. ఇన్నాళ్లూ పడ్డ భయం కాదిది. ఈసారి తన చేతుల్ని చూసుకుని భయపడింది.

ఇన్సాఫ్‌ని నీడకి నడిపించి నీళ్లు తాగించింది. కిందికి దిగి ఆ గది కిటికీలన్నీ తెరిచింది. పైకొచ్చి గోనెలు లాగి అవతల పారేసి, ఫుల్లాని తడిగుడ్డ మీద పడుకోబెట్టింది. అప్పుడు గోడ దగ్గరకెళ్లింది.

"ఇటు రా. పిల్లని చూడు."

తఫీదా గోడ దాటి వచ్చింది కానీ చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను ముట్టుకోను. రేపేదన్నా అయితే మళ్లీ నన్నే అంటావు."

వహీబా చెల్లెలి చెయ్యి పట్టి ముందుకి లాగి, కూతురి కడుపు మీద తనే ఆనించింది. బిడ్డ కదల్లేదు.  చాలాసేపటికి చిన్న తన్ను తగిలింది.

 తఫీదా బాగుందని కూడా అనలేక, బెదురుగా అక్క ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. నిరుడు ఆమె మరిచిన మాట ఈసారి వహీబాయే అంది.