సభ్యుడు కాని జానయ్య

కురుమ జానయ్య బడికి పోయింది రెండేళ్లే. అయినా నల్గొండ చుట్టుపక్కల గుట్టల్లో చనిపోయిన వీరుడి బొమ్మ చెక్కిన ఏ వీరగల్లు ఎటు మొహం పెట్టి ఉందో, ఏ బండ మీద పాత అక్షరాలున్నాయో ఆయనకు తెలిసినంత మా చరిత్ర పరిశోధక సంఘంలో ఎవరికీ తెలియదు. నలభై ఏళ్లు గొర్లు కాస్తూ చూసిన రాళ్లవి. మమ్మల్ని వెంటబెట్టుకుపోయి, ముళ్లకంప తొలగించి, ముందు రాయికి దండం పెట్టి, తర్వాతే మాకు చూపేవాడు. ఒకసారి ఎండకు నేను తూలితే తుమ్మకొమ్మల మీద తన గొంగడి పరిచి నీడ చేశాడు. సొరకాయ బుర్రలో ఉన్న కాస్త అంబలీ నాకే పోశాడు.

ఆయన కోరిక ఒక్కటే. "సారూ, మీ సంగంల నా పేరు గూడ రాయరాదు? నేను సూపిన రాళ్ల ముచ్చట మీరు మాట్లాడేటప్పుడు నేను గూడ రెండు ముక్కలు చెప్పుకుంట."

సంఘానికి కార్యదర్శిని నేనే. సభ్యుడు కాదలచినవాళ్లు మే నెలలో జరిగే వార్షిక సభకు స్వయంగా రావాలని నిబంధన. కాలేజీలకు సెలవులని మే పెట్టుకున్నాం. ఆ నెలలో గొర్ల కాపరులు ఊళ్లో ఉండరన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. మందలు మేతకు హుజూర్‌నగర్ వైపు, కృష్ణ ఒడ్డుకు వలసపోతాయి. మూడేళ్లు జానయ్య రాలేకపోయాడు. నాలుగో ఏడు, 2018లో, భార్య గోపమ్మకు మంద అప్పజెప్పి బస్సెక్కాడు. మందకు ముందొకరు, వెనకొకరు ఉండాలి. ఆ రోజు గోపమ్మ ఒక్కతే.

"పో పో, పంతుళ్ల నడుమ కూసోని రా. వచ్చినంక గొర్లు గూడ నిన్ను సార్ అంటయి" అని ఆమె నవ్వి పంపిందట.

ఉతికిన ధోవతి కట్టుకుని వెనక వరుసలో కూర్చున్నాడు జానయ్య. ఒక అధ్యాపకుడు వ్యాసం చదివాడు. జానయ్య చూపిన వీరగల్లు గురించే. అది యుద్ధంలో చనిపోయిన సైనికుడిదని తేల్చాడు. జానయ్య లేచాడు.

"సారూ, గాయన సిపాయి గాదు. మంద మీదికొచ్చిన పులితోని కొట్లాడి సచ్చిన మా కురుమోడే. కాళ్లకాడ కుక్క ఉన్నది. బొమ్మ అరిగింది గని తడిమితే తెలుస్తది."

"గిప్పుడు కుక్క గూడ సాక్ష్యమా?" అని ఎవరో నవ్వారు. అధ్యక్షుడు బాలయ్యగారు నా వైపు చూశారు. సభలో సభ్యులే మాట్లాడాలన్న నిబంధన నేను చదివాను. నా నోటితోనే. "జర కూసో జానన్నా, నీ దరఖాస్తు ఆఖర్ల వస్తది" అన్నాను. రోజూ పొద్దున దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు ఆ మాటే గుర్తొస్తుంది.

ఆఖరు రానే లేదు. ప్రసంగాలు సాగి, జనం లేచిపోయారు. కొత్త సభ్యుల సంగతి పైయేటికి వాయిదా పడింది. జానయ్యకు శాలువా కప్పి పంపాం.

అదే మధ్యాహ్నం అక్కడ మంద దగ్గర గాలిదుమారం లేచింది. బెదిరిన గొర్లు పక్కనున్న కోసిన జొన్నచేలో పడ్డాయి. నాలుగు చినుకులకు మోళ్లలోంచి పుట్టే లేత పిలక గొర్రెకు విషం. ముందు నిలబడి మళ్లించే మనిషి లేడు. గోపమ్మ గొంతు పోయేలా అరిచినా మంద ఆగలేదు. పదిహేడు గొర్లు చచ్చాయి. జానయ్య చేరేసరికి ఆమె తల్లి చచ్చిన ఒక గొర్రెపిల్లకు వేరే గొర్రె పాలు పట్టిస్తోందట. లేచి ఆయనకు నీళ్లిచ్చి, మళ్లీ పిల్ల దగ్గర కూర్చుందట.

పైయేడు కొట్లాడి నిబంధనలు మార్పించాను. సభ దసరా తర్వాతకు మారింది. సభ్యులు కానివాళ్లూ మాట్లాడొచ్చు. దరఖాస్తు పట్టుకుని వాళ్లింటికి పోయాను. గోపమ్మ మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది. జానయ్య చేతులు ధోవతికి తుడుచుకుని కాగితం అందుకున్నాడు. చాలాసేపు చూసి నాకే ఇచ్చాడు.

"ఎందుకు జానన్నా? మాతోని తప్పయింది, ఒప్పుకుంటున్న."

"మిమ్ముల ఏమంట సారూ." గొంతు తగ్గించాడు. "గోపమ్మ ఇయ్యాల్టిదాంక నన్ను ఒక్క మాట అనలే. ఒక్కసారి తిట్టినా వచ్చెటోన్ని."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎండగా ఉందని నా నెత్తిన తన తువ్వాల కప్పి, బస్సు దాకా నడిచి వచ్చాడు. దారి పొడుగునా ఒక్క రాయి ముచ్చట కూడా ఎత్తలేదు.