కర్టెన్ కడ్డీ అయిన తుపాకీ

బర్మాలో, పజుండౌంగ్ పేటలో మా మావయ్యకి చిన్న లేతు షాపు ఉండేది. దారులు కాస్త తెరుచుకుని, జనం ధైర్యంగా ఊళ్లు తిరిగిన ఆ కొన్నేళ్లలో ఆయన ఓ పాత జపాన్ వ్యాను కొన్నాడు. లోపల మంచం, నీళ్ల డ్రమ్ము, బొగ్గుల కుంపటి బిగించి దాన్నే ఇల్లు చేశాడు. మొదటి ప్రయాణం థాయ్ సరిహద్దుకి. మావయ్య, అత్త, నేను. చదువైపోయి ఉద్యోగం రాని రోజులు, ఎవరు పిలిస్తే వాళ్ల వెంట వెళ్లేదాన్ని.

బయల్దేరే ముందు మావయ్య అటక మీంచి గాలి తుపాకీ దించాడు. వాళ్ల నాన్న పావురాల్ని బెదిరించడానికి వాడినది. రోడ్డు పక్కన పడుకుంటాం కదా, దొంగలొస్తే ఎలా అని ఆయన భయం.

"దాన్ని కాకి కూడా లెక్కసెయ్యదు. దారిలో తనికీ గేటుకాడ సోల్జర్లు మాత్రం లెక్కసేత్తారు," అంది అత్త.

మావయ్య నలుగుర్నీ అడిగొచ్చాడు. ఇన్సేన్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే స్నేహితుడు, పర్మిట్ లేకపోతే లోపలేస్తారన్నాడు. ఓ లారీ డ్రైవరు గాలి తుపాకీ అసలు తుపాకీ కిందకే రాదన్నాడు. కరెన్ రాష్ట్రం నించి వచ్చిన దుంగల వ్యాపారి, అక్కడ ఒక్కో గేటుకి ఒక్కో సైన్యం, ఒక్కో చట్టం అని నవ్వాడు. అన్నీ విని మావయ్య తనకి నచ్చిన తీర్పు తనే ఇచ్చేసుకున్నాడు. ముక్కలు చేస్తే అది తుపాకీ కాదు!

గొట్టం కర్టెన్ కడ్డీ అయింది. చెక్క పిడి అత్త చీరల అడుక్కి వెళ్లింది. ట్రిగ్గరు పోపుల డబ్బాలో మెంతుల మధ్య పడుకుంది. మిగతా ఇనుము పనిముట్ల పెట్టెలో కలిసిపోయింది.

తటోన్ దాటాక సర్కారు సైన్యం గేటు దగ్గర ఆపారు. సోల్జరు వ్యానెక్కి కర్టెన్ లాగాడు. కడ్డీ ఊడి అతని బూటు మీద పడింది. తీసి కంటికి ఆనించుకుని అందులోంచి మావయ్యని చూశాడు.

"ఇదేంటమ్మా?" అని అత్తని బర్మీస్‌లో అడిగాడు.

అత్త గొట్టం లాక్కుని, కుంపటి ముందు చతికిలబడి ఊదింది. "పొయ్యి గొట్టం నాయనా. మీ అమ్మ ఊదదా?"

బూడిదంతా లేచి అతని యూనిఫాం మీద పడింది. అత్త మూతి చుట్టూ నల్లటి గ్రీజు. నేను నవ్వాపుకోలేక డ్రమ్ము వెనక్కి దూరాను. అతను దులుపుకుంటూ పొమ్మన్నాడు. అత్త పోదే! అతన్ని టీ తాగి దిగమని పట్టుబట్టింది. మావయ్య కళ్లతోనే ఆవిడకి దండం పెట్టాడు.

తర్వాతి గేటు కరెన్ సైన్యం వాళ్లది. ఈసారి అత్త ముందే గొట్టం పట్టుకుని ఊదుతూ కూచుంది. కాపలా పెద్దాయన భుజాన అసలు తుపాకీ ఉంది. కాసేపు చూసి, "మా తాతకి ఇలాంటిదే ఉండేది. మిగతాదెక్కడ?" అన్నాడు.

మావయ్య నిజం చెప్పేశాడు.

"మంచి సామాను ఇలా విప్పేస్తారా!" అని ఆయన నొచ్చుకుని చాప పరిచాడు. చీరలు, పెట్టె, పోపుల డబ్బా అన్నీ కిందికొచ్చాయి. ఇద్దరూ కలిసి బిగించారు. గుళ్లు తేలేదు. అత్త మిరియం గింజ ఇచ్చింది. మావయ్య డబ్బా మీద గురి పెట్టి కాల్చాడు. టప్పుమంది. డబ్బా కదల్లేదు. దాని పక్కన పడుకున్న కుక్క ఒక కన్ను తెరిచి మళ్లీ మూసేసింది.

"ముందున్న గేటు మళ్లీ సర్కారుది. ఇక్కడే వదిలెళ్లు, వచ్చేటప్పుడు తీసుకో," అన్నాడు పెద్దాయన.

"నాను దీన్నొదిలి రాను," అన్నాడు మావయ్య.

"అయితే నువ్వూ దానికాడే ఉండు," అని అత్త నా చెయ్యి పట్టుకుని అటుగా పోతున్న కారు ఆపింది.

సరిహద్దు వంతెన దగ్గర పాసులు తీసుకుని ఇద్దరం అవతలి థాయ్ ఒడ్డుకి నడిచాం. మార్కెట్లో నూడుల్స్ తింటుంటే ఫోను మోగింది.

"ఏటి, ఎక్కడున్నారు?" మావయ్య గొంతులో దిగులు.

"విదేశంలో," అని అత్త ఇంకో ప్లేటు చెప్పింది.