నిశ్శబ్దం బోర్డు కింద మా అత్తమ్మ కేక

ఈ రోజు మా అత్తమ్మను ములకలపల్లి నుంచి పడవల మ్యూజియానికి తీసుకెళ్లాను. అది చెరువు ఒడ్డునే ఉంది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వెళ్తే, తాటి దోనె నుంచి పాత లాంచీ దాకా వరుసగా పెట్టారు. గోడ మీద ‘నిశ్శబ్దం పాటించండి’ అని బోర్డు.

అత్తమ్మ పుట్టిల్లు గోదావరి అవతల. నాటు పడవ కనపడగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

“మేం రేవుల నిలబడి పడవను ఎట్ల పిలిచేటోళ్లమో తెలుసా?” అంటూ, నేను వద్దనేలోపే నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి, “ఓ... పడవోయ్!” అని కేకేసింది. హాలు దద్దరిల్లింది. గైడ్ పరుగెత్తుకొచ్చాడు.

అతను నోరు తెరిచేలోపే వెనక తలుపు అవతల, చెరువులోంచి, “ఆఁ... వస్తన్నా!” అని జవాబొచ్చింది. చేపలు పట్టే ఒకాయన నిజంగానే పడవ తోలుకుంటూ మెట్ల దగ్గరికి వచ్చేశాడు.

“ఊరికే పిలిచామని చెబుదాం అత్తమ్మా,” అన్నాను.

“గట్లెట్ల? పిలిచి ఎక్కకపోతే ఇంకోసారి పలుకుతడా? ఎక్కు!”

ఆమెకు చెయ్యి అందించడానికి వచ్చిన గైడ్ కూడా ఎక్కేశాడు. చల్లటి గాలి, అత్తమ్మ నవ్వు, అవతలి ఒడ్డు. పడవాయన మమ్మల్ని దింపి తన వలల దగ్గరికి వెళ్లిపోయాక చూసుకుంటే, ముగ్గురి చెప్పులూ మ్యూజియం గుమ్మం దగ్గరే ఉన్నాయి!

గైడ్ అటూ ఇటూ చూసి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని సన్నగా పిలిచాడు: “ఓ... పడవోయ్!”

మీ రేవులో పడవను ఏమని పిలిచేవారో కాస్త చెప్పండి. మా గైడ్‌కు ఇంకా ప్రాక్టీసు కావాలి.