తెల్లవారితే గురువారం

మా షామియానా షాపులో పనిచేసే సాంబయ్యకు చదువు రాదు. కానీ నందిగామ చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ పెళ్లి ఎప్పుడో, దానికి ఏ సామాను వెళ్లాలో ఇరవై ఆరేళ్లుగా అతని బుర్రలోనే ఉండేది. రోజూ పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని మా అరుగు మీద కూర్చునేవాడు. నేను శుభలేఖలు పైకి చదవాలి. గబగబా చదివితే ఒప్పుకోడు. "ముహూర్తం ఇంకోసారి చదవండమ్మా" అనేవాడు. పొయ్యి మీద పాలు పెట్టి ఇతనికి పురాణం చెప్పాలా అని విసుక్కునేదాన్ని. అయినా చదివేదాన్ని.

నిరుడు మా అబ్బాయి ఓంకార్ షాపులోకి ఒక యాప్ తెచ్చాడు. ఏ పని ఎవరు, ఎప్పుడు చేయాలో అందరి ఫోన్లకూ అదే పంపుతుంది. ఉన్నమాట చెప్పాలి, దానివల్ల మేలే జరిగింది. కంచికచర్లలో వదిలేసిన గుండిగలు దొరికాయి. ఒకే తివాచీని ఒకే రోజు ఇద్దరికి ఒప్పుకునే గొడవ తప్పింది. మావారు రామకోటేశ్వరరావు గారైతే పొంగిపోయారు. శుభలేఖలు సొరుగులోకి వెళ్లాయి, నా చదువూ ఆగింది. హమ్మయ్య అనుకున్నాను, సిగ్గులేకుండా.

మొన్న మాఘమాసంలో చెవిటికల్లు చంద్రమౌళి గారి అమ్మాయి పెళ్లి ఒప్పుకున్నాం. పెళ్లి వారంలో సోమవారంనాడు నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే సాంబయ్య వచ్చి ఓంకార్‌ని అడిగాడు.

"ఎల్లుండి చెవిటికల్లు ఉంది గదా బాబూ, జగ్గయ్యపేట కూడా ఒప్పుకున్నారేంటి?"

"ఎల్లుండి కాదు సాంబయ్యా, గురువారం. ఇదిగో చూడు" అంటూ వాడు ఫోన్ అతని మొహం ముందు పెట్టాడు.

"చంద్రమౌళిగారు బుధవారం అన్నారే నాతో."

"ఫోన్ తప్పు చెబుద్దా? ఆ పాత పద్ధతులు మానెయ్ ఇంక."

సాంబయ్య నావైపు చూశాడు. శుభలేఖ నాలుగడుగుల దూరంలో, సొరుగులో ఉంది. నేను లేవలేదు.

బుధవారం సామానూ మనుషులూ అంతా జగ్గయ్యపేటలో ఓణీల ఫంక్షన్‌కు వెళ్లిపోయారు. మధ్యాహ్నం మూడింటికి చంద్రమౌళి గారి ఫోన్ వచ్చింది.

"లారీ ఎక్కడిదాకా వచ్చిందమ్మా? సాయంత్రానికి మగపెళ్లివారు దిగుతున్నారు!"

సొరుగు లాగి శుభలేఖ తీశాను. 'బుధవారం రాత్రి 2.18 గంటలకు, తెల్లవారితే గురువారం' అని ఉంది. గడియారం లెక్కన పన్నెండు దాటింది గదా అని ఓంకార్ గురువారం అని ఎక్కించాడు. పెళ్లిరోజు పొద్దున ఎనిమిదింటికి లారీకి సామాను ఎత్తాలని యాప్‌కు నేర్పాడు. అది గురువారం ఎనిమిదింటికి పని పెట్టుకుని కూర్చుంది. అప్పటికి తలంబ్రాలు కూడా అయిపోతాయి, ఖర్మ! మనకు తెల్లవారితేగానీ రోజు మారదని దానికెవరు చెప్పారు? నేను పైకి చదివి ఉంటే సాంబయ్య ఇట్టే పట్టేసేవాడు.

జగ్గయ్యపేట పందిరి మధ్యలో విప్పడం కుదరదు. దొరికిన సామాను వేసుకుని లారీ దారిలో కీసర చేరేసరికే చీకటిపడింది. చెవిటికల్లులో మగపెళ్లివారు కూర్చోవడానికి కుర్చీ లేక నిలబడి ఉన్నారట. మావారు చంద్రమౌళి గారిని క్షమించమని అడగాల్సింది పోయి, సాంబయ్య మీద విరుచుకుపడ్డారు.

"ఇన్నేళ్లు చేశావ్, ఆమాత్రం తెలవదా? అన్నం తింటున్నావా, గడ్డి తింటున్నావా?"

అంతా వందమంది ముందు. సాంబయ్య గుంజలు పాతుతూనే ఉన్నాడట. పెళ్లి ఎలాగో అయింది, పువ్వులైనా లేని బోసి మండపంలో.

"మరి నువ్వేం చేశావురా?" అని మావారి వెంట వెళ్లొచ్చిన ఓంకార్‌ని అడిగాను. ఫోన్ తీసి చూసుకోసాగాడు. చెంప పగలగొట్టాలనిపించింది.

గురువారం పొద్దున సరిగ్గా ఎనిమిదింటికి ఫోన్లన్నీ మోగాయి, చెవిటికల్లు లారీకి సామాను ఎత్తమని. సాంబయ్య రాలేదు. శుక్రవారమూ రాలేదు.

శనివారం కొత్త శుభలేఖలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. మంచం వాల్చి, మంచినీళ్లిచ్చాడు.

"ఇక రోజూ నేనే చదువుతా సాంబయ్యా. ఆయనకు జరిగిందంతా చెప్పా. రా" అన్నాను.

"అయ్యగారు తిట్టారని కాదమ్మా. ఆయనకి అప్పుడు తెలవదు" అన్నాడు. "చినబాబు పక్కనే ఉన్నాడమ్మా. సోమవారం నేనడిగా అని ఒక్క మాట అనలా."

ఆ సోమవారం నేనూ విన్నాను గదా, విని కూడా సొరుగు తెరవలేదు. శుభలేఖలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను.